వాళ్లకి మంచు, మనకి ముసురు... రోడ్డు పని మాత్రం ముందే జరగాలి

మా ఆయన ఉద్యోగం వల్ల కొన్నేళ్లు అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం మినియాపొలిస్‌లో ఉన్నాం, ఇప్పుడు నెల్లూరు పక్కన కోవూరు వచ్చేసి ఇక్కడే ఉండిపోయాం. చుట్టాలు కలిసినప్పుడల్లా అడిగేది ఒకటే, అంత మంచులో ఎట్టా బతికారే తల్లీ అని. చలి గురించి చెప్తే ఆసక్తిగా వింటారు గానీ నాకు చెప్పాలనిపించేది అక్కడి రోడ్ల గురించి, ఎందుకంటే అక్టోబర్ వచ్చిందంటే మన రోడ్లు చూసి కడుపు తరుక్కుపోతా ఉంటది.

రాష్ట్రంలో చాలా జిల్లాలకి వానలంటే జూన్ నుంచి సెప్టెంబర్. మనకి అట్టా కాదు. నెల్లూరులో ఏడాది వానలో సగానికి పైనే అక్టోబర్, నవంబర్, డిసెంబర్ ఈ మూడు నెలల్లోనే పడిపోద్ది, ఈశాన్య రుతుపవనాలు, వాటికి తోడు వాయుగుండాలు, తుపాన్లు. ఒంగోలు వైపు కూడా ఎక్కువ భయం ఈ నెలల్లోనే. అంటే మనకి చలికాలం మొదలయ్యేదే వానతో. మినియాపొలిస్ వాళ్లకి నవంబర్ నుంచి మంచు పడుద్దని ఎంత ఖాయంగా తెలుసో, దీపావళి టయానికి ముసురు పట్టుద్దని మనకి అంతే ఖాయంగా తెలుసు. వాళ్లు ఆ తేదీ చూసుకుని పని మొదలుపెడతారు, మన దగ్గర గుంటలకి ప్యాచ్ వర్క్ మొదలయ్యేది పెద్ద పండగ దాటినాక.

అక్కడ గట్టిగా మంచు పడితే సిటీ వాళ్లు స్నో ఎమర్జెన్సీ అని ప్రకటిస్తారు. అది మూడు రోజుల పద్ధతి. మొదటి రోజు రాత్రి 9 నుంచి పొద్దున 8 దాకా మెయిన్ రూట్ల మీద రెండు పక్కలా బండ్లు పెట్టకూడదు, ఆ రాత్రే వాటిని శుభ్రం చేస్తారు. రెండో రోజు మిగతా వీధుల్లో సరి నంబర్ల ఇళ్ల వైపు, మూడో రోజు బేసి నంబర్ల వైపు. బండి తియ్యకపోతే లాక్కెళ్లిపోతారు, ఫైన్ కట్టి తెచ్చుకోవాలి. మిషన్లు పెద్దవని కాదు నేను మెచ్చుకునేది, ఏ రోడ్డు ముందు, ఏ రోడ్డు తర్వాత అనేది మంచు పడకముందే రాసిపెట్టి ఉంటది, అది ప్రతి ఇంటికీ తెలుసు, మా వీధికి ఎప్పుడొస్తారు సార్ అని ఎవరికీ ఫోన్ చేసి బతిమాలుకునే పనే లేదు.

ఉప్పు సంగతి కూడా చెప్పాలి. మంచు పడబోతోందని తెలియగానే రోడ్డు మీద ముందుగానే ఉప్పునీళ్లు చల్లేస్తారు, నూటికి 23 పాళ్లు ఉప్పు కలిపి. దానివల్ల మంచు తారుకి అతుక్కోదు, తర్వాత బ్లేడు బండి వచ్చి గీకితే తేలిగ్గా లేచొస్తది. అతుక్కుపోయి గడ్డకట్టినాక తియ్యాలంటే చాలా ఎక్కువ ఉప్పు పొయ్యాలి. అదీ మైనస్ 9 డిగ్రీల కన్నా చలి ముదిరితే మామూలు ఉప్పు పెద్దగా పనిచెయ్యదు, అప్పుడు ఇసక చల్లుతారు, లేదంటే కాల్షియం క్లోరైడ్ వాడతారు. దీనికి నష్టం కూడా ఉంది, ఆ ఉప్పంతా కరిగి చెరువుల్లోకి పోద్ది, ఒకసారి పోతే మళ్లీ బయటకి రాదు. రొయ్యల గుంటల పక్కన వరి పొలం ఉన్న మన రైతుకి ఉప్పు చేసే పని విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకే అక్కడ ఇప్పుడు తక్కువ ఉప్పుతో, సరైన టయానికి చెయ్యడం మీదే పట్టు పడతా ఉండారు. ముందుగా చేస్తే కొంచెంతో సరిపోద్ది, ఆలస్యమైతే ఎంత పోసినా చాలదు. మన సైడు కాలువలకీ ఇదే లెక్క.

అక్కడైనా ఇక్కడైనా రోడ్డుని తినేది నీళ్లే. అక్కడ పగుళ్లలోకి దిగిన నీళ్లు గడ్డకట్టి ఉబ్బుతాయి, నీళ్లు మంచుగడ్డ అయితే దాదాపు 9 శాతం పెరుగుద్ది కదా, అట్టా తారుని పైకి లేపి, ఎండ రాగానే కరిగి, ఆ ఖాళీ మీద బండ్లు పొయ్యి గుంట పడుద్ది. ఇక్కడ గడ్డకట్టడం లేదు గానీ నీళ్లు రోజుల తరబడి నిలబడిపోతాయి, తారు కిందకి దిగి కంకరని వదులు చేస్తాయి, మీద లారీ టైరు తొక్కినప్పుడల్లా ఆ నీళ్లు కింది మట్టిని పైకి తన్నుకొస్తాయి. నిలబడడానికి కారణం చాలాచోట్ల కళ్ల ముందే ఉండాది, రోడ్డు మార్జిన్‌లో మట్టి పేరుకుని రోడ్డు కంటే ఎత్తైపోయింది, కాలువకి దారి లేదు. సెప్టెంబర్‌లో ఒక జేసీబీ పెట్టి ఆ మట్టి తీసేసి అక్కడక్కడ గండి కొట్టి వదిలితే సగం గుంటలు పడవు. తడిసిన గుంటలో వేడి తారు పోస్తే పట్టదు, నాలుగు రోజుల్లో లేచిపోద్ది, అందుకని ఎండగా ఉన్నప్పుడే చెయ్యాలి. వానల మధ్యలో చెయ్యక తప్పకపోతే కోల్డ్ మిక్స్ అని బస్తాల్లో వస్తది, వేడి చెయ్యక్కర్లేదు, దాన్ని ముందే తెప్పించి పెట్టుకోవచ్చు.

నడిచేవాళ్ల సంగతికి వస్తాను, నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. మా పాప చిన్నప్పుడు మంచులో స్ట్రోలర్ తోసుకుంటా పొయ్యేదాన్ని, కార్లు పొయ్యే రోడ్డు నల్లగా తుడిచినట్టు ఉంటది, నడిచే దారి మాత్రం ఒక ఇంటి ముందు శుభ్రంగా, పక్కింటి ముందు మోకాలి లోతు. అక్కడ ఇంటి ముందు నడకదారి ఇంటివాళ్లే శుభ్రం చెయ్యాలి, సొంత ఇళ్లకి మంచు ఆగినాక 24 గంటలు టయం. చాలామంది చేస్తారు, ఒక్కరు చెయ్యకపోయినా పెద్దవాళ్లు ఆ వీధిలో నడవలేరు. స్వీడన్‌లో కార్ల్‌స్కోగా అనే చిన్న ఊరు దీని మీద బాగా ఆలోచించింది. ముందు పెద్ద రోడ్ల మీద మంచు ఎత్తి, చివర్లో నడకదారులకి వచ్చే పద్ధతిని తిరగేసి, పిల్లల కేర్ సెంటర్లకి పొయ్యే దారులు, ఫుట్‌పాత్‌లు, సైకిల్ దారుల మీద మంచు ముందు ఎత్తడం మొదలుపెట్టారు. ఎందుకంటే జారిపడి ఆస్పత్రికి వచ్చేవాళ్లలో నడిచేవాళ్లే ఎక్కువ, వాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ. కారుకి కొద్దిపాటి మంచు పెద్ద లెక్క కాదు, మనిషి కాలికి మాత్రం అదే పెద్ద కష్టం. స్టాక్‌హోమ్ వాళ్లూ ఆ దారి పట్టారు, 2016 నవంబర్‌లో విపరీతంగా మంచు పడి ఊరంతా ఆగిపోతే ఈ పద్ధతినే తిట్టిపోశారు. నా ఉద్దేశంలో వరస తప్పు కాదు, అంత మంచుకి బండ్లూ మనుషులూ సరిపోలేదు, రెండూ కావాలి.

ఇప్పుడు మన ఊళ్లు చూడండి. వానలో పొద్దున్నే బయటకి వచ్చేది ఎవరు? స్కూలు పిల్లలు, పాలు పొయ్యడానికి పొయ్యేవాళ్లు, నాట్లకి పొయ్యే ఆడవాళ్లు, పీహెచ్‌సీకి పొయ్యే గర్భిణీలు. వీళ్లు నడిచే దారి బాగుచేసే వరసలో ఎక్కడ ఉందో ఎవరినైనా అడగండి, అసలు వరసే ఉండదు. నెల్లూరు టౌన్‌ని రైలు కట్ట రెండుగా చీలుస్తది, గట్టిగా వాన పడితే మాగుంట లేఅవుట్, ఆత్మకూరు బస్టాండ్, రామలింగాపురం అండర్ బ్రిడ్జిల్లో నీళ్లు నిలబడతాయి, ఇవతల మనిషి అవతలకి పొయ్యేదానికి ఇబ్బంది. ఇది ఏటా తెలిసిన సంగతే కాబట్టి మోటార్లు, డీజిల్, మనిషి డ్యూటీ అక్టోబర్ 1 నాటికే అక్కడ ఉండాలి, నీళ్లొస్తే ఏ దారిన తిరిగి పోవాలో బోర్డు ముందే రాసి ఉండాలి.

2021 నవంబర్‌లో మేం ఇంకా అమెరికాలోనే ఉన్నాం. సోమశిల డ్యామ్ నుంచి 5 లక్షల క్యూసెక్కులకి పైగా వదిలితే పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర హైవే తెగిపోయింది, రైలు కట్ట కొట్టుకుపోయింది, అమ్మావాళ్ల ఫోన్ కలవక రాత్రంతా నిద్ర లేదు. అంత వరదని ఏ పంచాయతీ ఆపలేదు, అది వేరే సంగతి. నేను మాట్లాడేది మామూలు ఏడాదిలో పారే వాగుల గురించి. చెరువు నిండి కలుజు (ఎక్కువైన నీళ్లు బయటకి పొయ్యే దారి) పారితే, వాగు దాటే చప్టా మీద నీళ్లు, కింద రోడ్డు ఉందో తెగిందో కనపడదు, అయినా ఏమైతదిలే అని బైకు దించేస్తారు. అడుగు లోతు పారే నీళ్లు చిన్న కారుని కదిలించగలవు, బైకు ఎంత.

జపాన్‌లో హొక్కైడో వైపు రోడ్ల పక్కన ఎత్తుగా స్తంభాలు పెట్టి, పైనుంచి కిందకి చూపించే బాణం గుర్తులు వేలాడదీస్తారు, మంచులో ఏమీ కనపడకపోయినా రోడ్డు అంచు ఇదీ అని తెలుస్తది. మన చప్టాలకి అచ్చంగా ఇదే కావాలి, రెండు పక్కలా రాత్రి లైటుకి మెరిసే స్టిక్కర్లతో స్తంభాలు, వాటి మీద అడుగుల గీతలు, ఈ ఎర్రగీత దాటితే దిగొద్దు అని తెలుగులో పెద్ద అక్షరాలు. దీనికి కోట్లు అక్కర్లేదు.

డబ్బున్న దేశం కాబట్టి వాళ్లకి సాగిందని మా చిన్నాన్న అంటాడు. మిషన్ల వరకు నిజమే, ఒప్పుకుంటా. కానీ మిన్నెసోటాలో అడాప్ట్ ఎ డ్రెయిన్ అని ఒకటుంది, ఇంటి దగ్గర కాలువ మూతని ఒక కుటుంబం పేరు పెట్టుకుని దత్తత తీసుకుంటది, ఆకులు, చెత్త తీస్తా ఉంటది. దానికి కావాల్సింది చీపురు, చేట. మన వీధిలో కాలువ మీద ర్యాంపులు కట్టింది మనమే, కవర్లు పడేసేది మనమే, కనీసం మన ఇంటి ముందు పది గజాలు మనం చూసుకోవచ్చు. పూడిక తియ్యడం పంచాయతీ పని, అందులో మళ్లీ కవర్లు పడకుండా చూడటం మన పని.

అందుకే మా వీధి ఆడవాళ్లం కొందరం కలిసి ఒక కాగితం రాశాం, ఆగస్టు 15 గ్రామసభలో ఇద్దామని. అందులో మూడే అడిగాం. స్కూలు, పీహెచ్‌సీ, పాలకేంద్రం దారులు ఒకటో వరసలో పెట్టి మిగతా వీధులన్నీ వరసగా రాసి గ్రామ సచివాలయం గోడ మీద అంటించాలి. వినాయక చవితి లోపల సైడు కాలువల పూడిక తీసి ఆ మట్టిని గట్టు మీదే వదలకుండా ఎత్తుకుపోవాలి, లేకపోతే మొదటి వానకే మళ్లీ కాలువలోకి దిగుద్ది. చప్టాకి స్తంభాలు పెట్టాలి. ఇంజినీరింగ్ అసిస్టెంట్ అబ్బాయి కాగితం చదివి, చప్టా ఆర్ అండ్ బి వాళ్లదమ్మా, పంచాయతీ తీర్మానం చేసి పంపితే వాళ్లు చూస్తారు అన్నాడు. సరే, ఆ తీర్మానం మాట కూడా కాగితంలో కలిపి రాసి సంతకాలు పెట్టించడం మొదలుపెట్టాం, వాగు అవతల కాలనీ వాళ్లవి ఇంకా తీసుకోవాలి.