కుందేలుకు నాలుగు కాళ్లని ఒప్పుకున్న తరువాత

పార్టీ అభిమానుల మొండితనం గురించి మాట వచ్చినప్పుడల్లా "తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు" అన్న సామెత ఎవరో ఒకరి నోట వస్తుంది. ఆ సామెతను నేను చాలాకాలం అక్షరాలా నమ్మాను. అభిమానం నాలుగో కాలును కనిపించనివ్వడం లేదు కాబట్టి, దానిని ఓపికగా చూపించగలిగితే మనిషి కుందేలును వదిలేస్తాడని అనుకొని, ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ బంధుమిత్రులతో గణాంకాలు ముందు పెట్టుకొని గంటల తరబడి వాదించాను. అలా ఒక్క ఓటునైనా కదిలించిన గుర్తు లేదు. ఈ విషయం మీద జరిగిన పరిశోధనలు కొన్ని వరుసగా చదివాక, సామెత మనల్ని సగం దారిలోనే దింపేస్తుందని అనిపించింది.

లెక్క తప్పడం నిజమే. అమెరికాలో 1980లో సుమారు 13.5 శాతం ఉన్న ద్రవ్యోల్బణం, రిపబ్లికన్ అధ్యక్షుడు రీగన్ పాలన చివరికి వచ్చిన 1988 నాటికి 4 శాతం దగ్గరకు దిగింది. ఆ ఏడాది జరిగిన సర్వేలో, ఈ ఎనిమిదేళ్లలో ద్రవ్యోల్బణం తగ్గిందా పెరిగిందా అని అడిగితే, ప్రత్యర్థి డెమొక్రటిక్ పార్టీ గట్టి అభిమానులలో సగానికి పైగా పరిస్థితి మరింత దిగజారిందనే చెప్పారని రాజనీతి శాస్త్రవేత్త లారీ బార్టెల్స్ 2002లో చూపించారు. సరుకు కొనే ప్రతివారికీ అనుభవంలోకి వచ్చే విషయంలోనే ఇంత తేడా ఉంటే, విదేశాంగ విధానం వంటివాటి సంగతి చెప్పనక్కరలేదు. అయితే జాన్ బుల్లక్, ఆయన సహపరిశోధకులు 2015లో ప్రచురించిన ప్రయోగాలు ఈ చిత్రాన్ని కొంత మార్చాయి. ఇలాంటి ప్రశ్నలకు సరైన జవాబు చెబితే కొద్దిపాటి సొమ్ము ఇస్తామనగానే, రెండు పార్టీల అభిమానుల జవాబుల మధ్య ఉన్న దూరం సగానికి పైగా తగ్గిపోయింది. అంటే చాలామందికి నాలుగో కాలు కనిపిస్తూనే ఉంది. ఊరికే అడిగినప్పుడు వారు కాళ్లు లెక్కపెట్టలేదు, తమ పార్టీకి జేజేలు పలికారు.

తప్పును సరిదిద్దితే అభిమాని మరింత మొండికేస్తాడన్న మాట కూడా బాగా ప్రచారంలో ఉంది. బ్రెండన్ నైహాన్, జేసన్ రైఫ్లర్ 2010లో ప్రచురించిన పరిశోధన దానికి మూలం. కానీ థామస్ వుడ్, ఈథన్ పోర్టర్ 52 అంశాల మీద ఆ ఫలితం కోసం వెతికి 2019లో వెల్లడించినది వేరు: అలాంటి ఎదురుదెబ్బ దాదాపు ఎక్కడా కనిపించలేదు, సవరణ చదివినవారు సాధారణంగా వాస్తవం వైపే జరిగారు. ఆ తరువాత ఈ నలుగురూ కలిసి, 2016 ఎన్నికల ప్రచారంలో ట్రంప్ నేరాల గురించీ ఉద్యోగాల గురించీ చెప్పిన మాటలను తీసుకొని, వాటిని సరిదిద్దే సమాచారాన్ని పాఠకులకు ఇచ్చి చూశారు. ట్రంప్ అభిమానులు కూడా సవరణను చాలావరకు అంగీకరించారు. ఆయన పట్ల వారి అభిమానం మాత్రం చెక్కుచెదరలేదు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన ఫలితం ఇదే, ఎందుకంటే దీనిని నేను ఇంట్లోనే చూశాను.

మా బాబాయితో ఒకసారి ఆయన పార్టీ నిలబెట్టుకోని వాగ్దానాల గురించి సాయంత్రమంతా వాదించాను. చివరికి ఆయన చాలా ప్రశాంతంగా, "నువ్వు చెప్పిందంతా నిజమేరా. అయితే ఇప్పుడు నన్నేం చేయమంటావు, అవతలి వాళ్ల దగ్గరికి వెళ్లమంటావా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. నేను ఒక పార్టీ పనితీరు గురించి మాట్లాడుతున్నానని అనుకున్నాను. ఆయనకు అది నలభై ఏళ్లుగా కలిసి తిరిగిన మనుషుల గురించిన ప్రశ్న. పార్టీ అభిమానం చాలామందికి చిన్ననాటే ఇంటి నుంచి సంక్రమిస్తుందని, ఆ తరువాత వచ్చే సమాచారం ఆ అభిమానమనే తెరలోంచి వడగట్టబడుతుందని అమెరికన్ పరిశోధకులు 1960లోనే చెప్పారు. ఆంథనీ డౌన్స్ 1957లో ముందుకు తెచ్చిన ఆర్థిక తర్కాన్ని దీనికి జోడిస్తే విషయం మరింత స్పష్టమవుతుంది: ఒక్క ఓటు ఫలితాన్ని తారుమారు చేసే అవకాశం దాదాపు శూన్యం కాబట్టి, సరైన నిర్ణయం కోసం శ్రమించినందుకు వ్యక్తికి దక్కేది ఏమీ ఉండదు. మరోవైపు, పక్షం మారినవాడు తన వాళ్ల మధ్య పోగొట్టుకునేది చాలా ఉంటుంది, అదీ ఆ రోజు నుంచే. ఈ రెండింటినీ తూకం వేస్తే మా బాబాయిది అవివేకమని అనలేను. పైగా ఓటు ఎప్పుడూ పోల్చి వేసేదే కనుక, మన కుందేలుకు నాలుగు కాళ్లని తేలినంత మాత్రాన పక్కవాడి కుందేలు మెరుగని రుజువు కాదు.

ఇక ఛానళ్ల సంగతి. పక్షపాత ఛానళ్లే అభిమానులను తయారు చేస్తున్నాయన్నది తేలికగా చెప్పేసే మాట. అమెరికాలో రిపబ్లికన్ల వైపు మొగ్గే ఫాక్స్ న్యూస్ ఛానల్ 1996లో మొదలయ్యాక అది చేరిన ప్రాంతాలను చేరని ప్రాంతాలతో పోల్చిన ఆర్థికవేత్తలు డెల్లావిన్యా, కాప్లాన్‌లు, 2000 నాటికి రిపబ్లికన్లకు పెరిగిన ఓటు 0.4 నుంచి 0.7 శాతం పాయింట్లని లెక్కగట్టారు. హోరాహోరీ ఎన్నికలో అది చిన్నదేమీ కాదు గానీ, మనుషుల్ని మూకుమ్మడిగా మార్చేసేంత సంఖ్య కూడా కాదు. ఛానల్ చేసే అసలు పనిని డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లాల ప్రయోగం బాగా పట్టుకుంది. 2020 సెప్టెంబరులో వారు ఫాక్స్ న్యూస్ ప్రేక్షకులలో కొందరికి గంటకు 15 డాలర్లు ఇచ్చి నెలపాటు దానికి భిన్నమైన ధోరణి గల సీఎన్ఎన్ ఛానల్ చూపించారు. అప్పటివరకు తమ ఛానల్ చెప్పకుండా వదిలేసిన విషయాలు ఆ ప్రేక్షకులకు తెలిశాయి, కొన్ని అభిప్రాయాలు కదిలాయి, తమ ఛానల్ కొన్నిటిని దాస్తుందన్న అనుమానం కూడా కలిగింది. సొమ్ము ఆగాక వారిలో ఎక్కువమంది పాత ఛానల్‌కే వెళ్లారు, వచ్చిన మార్పులు చాలావరకు చెరిగిపోయాయి. అబద్ధాన్ని ఎవరైనా పట్టుకోవచ్చు, సవరించవచ్చు. ప్రసారమే కాని వార్తను సవరించడం ఎలా?

చదువు పెరిగితే ఇదంతా తగ్గుతుందన్న ఆశ నాకు ఒకప్పుడు గట్టిగా ఉండేది. డాన్ కహాన్ బృందం ఒకే అంకెల పట్టికను ఒకచోట చర్మానికి రాసే క్రీముకు సంబంధించినదిగా, మరోచోట తుపాకుల నియంత్రణకు సంబంధించినదిగా చూపించింది. క్రీము అన్నప్పుడు లెక్కలు బాగా వచ్చినవారు పక్షభేదం లేకుండా మెరుగ్గా జవాబు చెప్పారు. తుపాకులు అన్నప్పుడు, పట్టిక తమ పక్షానికి నచ్చినట్లు ఉంటేనే ఆ నైపుణ్యం బాగా పనిచేసింది, దాంతో రెండు పక్షాల మధ్య దూరం లెక్కలు వచ్చినవారిలోనే ఎక్కువగా తేలింది.

ఆ పరిశోధన చదివిన వారంలోనే, నేను ఓటు వేస్తూ వచ్చిన పార్టీ గురించి ఒక చెడ్డ వార్త వచ్చింది. ఒక సాయంత్రమంతా కూర్చొని అది తప్పని తేల్చే ఆధారాల కోసం వెతికాను. అదే వార్త అవతలి పార్టీ మీద వచ్చి ఉంటే శీర్షిక చూసి నమ్మేవాణ్ణి. వెతికినకొద్దీ అది నిజమనే తేలింది, ఒప్పుకున్నాను కూడా. మామూలుగా ఇలాంటివి కనబడగానే బాబాయితో సహా పదిమందికి పంపే అలవాటు ఉన్న నేను, ఆ వార్తను ఎవరికీ పంపలేదు.