ద్రాక్షారామంలో సంతకాలు

కాకినాడ–కోటిపల్లి రైలుబస్సు, అదే పట్టాల మీద నడిచే బస్సులాంటి చిన్న రైలు, మళ్లీ నడపాలని సంతకాలు సేకరిస్తున్నాం. “ఎక్కడ వెయ్యాలి బాబూ?” అంటూ ఓ మామ్మగారు పెన్ను పక్కకు నెట్టి, ఇంకు ప్యాడ్ మీద బొటనవేలు ఒత్తారు. కాగితం మీద ముద్రలో అడ్డంగా సన్నటి తెల్ల గీత. పూలు కడుతూ అరటినార లాగి లాగి కోసుకుపోయిన చోటది.

“రైలుబస్సులో బుట్ట ఒళ్లో పెట్టుకుని కాకినాడ పోయేదాన్ని. ఇప్పుడు ఆటోలో బుట్టకి కూడా డబ్బులడుగుతున్నారు” అన్నారు.

ఆ మాట వినగానే కడుపు రగిలిపోయింది. 1928లో వేసిన కాకినాడ–కోటిపల్లి లైను ఇది. 1940లో యుద్ధం కోసమని పట్టాలు పీక్కెళ్లారు. మళ్లీ రైలు కూత వినడానికి 2004 దాకా ఆగాం. లోక్‌సభ స్పీకర్‌గా చేసిన మన బాలయోగి గారు పట్టుబట్టకపోతే అదీ లేదు. 2020లో కరోనా పేరు చెప్పి రైలుబస్సు ఆపేశారు. అప్పుడంటే పట్టాలే లేవు, సరే. ఇప్పుడు ఉన్నాయి కదా!

నష్టం వస్తోందంటారు. ఆ మామ్మగారి బుట్ట ఛార్జీ ఎవరి లెక్కలో రాస్తారు?

ఆదివారం పొద్దున్నే రామచంద్రపురం స్టేషన్ దగ్గర ఉంటాం. ముక్తేశ్వరం వైపు వాళ్లు రేవు దాటి వచ్చేయండి. ఇంట్లో పెద్దవాళ్లనీ తీసుకురండి, ఇంకు ప్యాడ్ నా దగ్గరుంది.