ఎన్నింటికి మొదలైంది?

క్యాజువాల్టీ డ్యూటీలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు అడిగే ప్రశ్న ఇదే. షుగరుందా, బీపీ ఉందా అంటే టకటకా చెప్తారు గానీ దీనికి మాత్రం సరైన జవాబు రాదు. "పొద్దుగాల నుంచి బాగలేదు సార్" అంటారు. ఏ పొద్దున? "అంటే, నిన్న రాత్రి కూడా జర అన్నడు." ఇంతలో పక్కనున్న బావమరిది, కాదు కాదు, మొన్న పెళ్లికి పోయొచ్చినప్పటి నుంచే అంటాడు. ఇక వాళ్లిద్దరికీ వాదన మొదలు.

మొన్నామధ్య రాత్రి మెహిదీపట్నం వైపు నుంచి ఒకాయన్ని ఆటోలో తెచ్చారు. మూతి ఒక పక్కకి పోయింది, కుడి చెయ్యి వేలాడిపోతోంది, మాట లేదు. ఆయన భార్యను అడిగాను. "ఎనిమిదిన్నర సీరియల్ పాట వస్తుంది సార్, అప్పుడే గ్లాసు చేతిలకెళ్లి జారింది. గంతకు ముందే కూరల ఉప్పు లేదని నాతోని లొల్లి పెట్టుకున్నడు, మంచిగనే ఉన్నడు" అంది.

ఆవిడకి దండం పెట్టాలనిపించింది. రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతానికి గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అదీ సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదని చూసుకున్నాకే. పైగా లెక్క మొదలయ్యేది ఇంట్లోవాళ్లు గమనించిన టైం నుంచి కాదు, మనిషి చివరిసారి బాగా కనిపించిన టైం నుంచి. నిద్రలో వస్తే పడుకున్న టైమే లెక్క. ఈయనకి ఉప్పు గొడవే ఆధారం! పదింటికల్లా ఇంజెక్షన్ ఎక్కించేశాం.

గుండెపోటు వాళ్ల టైం అంతా సోడాలోనే పోతుంది. "గ్యాస్ అనుకున్నాం సార్." వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలని మా రూలు, తీస్తాం కూడా, కానీ అప్పటికే వాము నీళ్లు తాగించి, చెమటలు పడుతుంటే ఫ్యాన్ కింద కూర్చోబెట్టి, ఇంట్లో ఆరు గంటలు గడిపేసి ఉంటారు. షుగర్ ఉన్నవాళ్లకి ఒక్కోసారి నొప్పే తెలియదు, వాళ్లని ఏమనగలం.

తల దెబ్బలు మాత్రం నాకు నిజంగా టెన్షన్. బండి మీంచి పడి, లేచి దులుపుకుని, చాయ్ కూడా తాగిన కుర్రాడు కొన్ని గంటల తర్వాత మగతలోకి జారిపోవచ్చు, పుర్రెకీ మెదడు పైపొరకీ మధ్య నెత్తురు పేరుకుంటూ ఉంటుంది కాబట్టి. పడింది ఎప్పుడు, వాంతి ఎప్పుడు, మగత ఎప్పటి నుంచి అన్నది చూసినవాళ్లే చెప్పాలి. ఆ చూసినవాడేమో మేం ఎంఎల్‌సీ (పోలీసులకి తెలపాల్సిన కేసు) అనగానే మాయమైపోతాడు, పోలీసులంటే భయం. తెచ్చినవాళ్లని వేధించకూడదని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, 2019లో మోటారు వాహనాల చట్టంలోనూ చేర్చారు, పేరు చెప్పమని బలవంతం చేయడానికి లేదు. మాకు పేరు కాదు కావలసింది, టైం.

పోయిన వారం ఒక డెలివరీ అబ్బాయి అంబులెన్స్ వెనకే తన బండి మీద వచ్చాడు. ఎన్నింటికి పడ్డాడు తమ్ముడూ అంటే ఏమీ మాట్లాడకుండా ఫోన్ తీసి 108కి చేసిన కాల్ చూపించాడు. 11:42. "నా ముంగటనే పడ్డడు సార్, ఎంబడే కొట్టిన." మా సిస్టర్ కేస్ షీట్ మీద అదే రాసుకుంది. ఇంతలో అదే ఫోన్ మోగింది. బిర్యానీ ఇంకా రాలేదని కస్టమర్.