నెలాఖరులో తలుపు గడియ

శనివారం, 27వ తేదీ. జీతాలు పడటానికి ఇంకా టైముంది. హైదరాబాద్‌లో బోరబండ, యూసుఫ్‌గూడ వైపు అద్దె గదుల్లో ఉండేవాళ్లకు ఈ వారం చేతిలో ఐదారు వందలకు మించి మిగలవు. వెనక వీధిలో ఎవరింట్లోనో తాళం పగలగొట్టారట, పొద్దున నుంచి నల్లా దగ్గర అదే మాట. మధ్యాహ్నానికల్లా కొందరు వాయిదాల మీద కెమెరా ఎంతకొస్తుందో ఆరా తీయడం మొదలుపెట్టారు.

అప్పు చేసి కెమెరా కొనడం తప్పని గట్టిగా అనిపిస్తుంది. రోజువారీ వసూలు మీద అప్పిచ్చే గిరిగిరి వాళ్ల లెక్క చూడండి: పదివేలని రాసుకుని తొమ్మిదివేలు చేతిలో పెడితే, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. కట్టేకొద్దీ అసలు తగ్గుతుంది కాబట్టి, ఏడాది లెక్కన ఆ వడ్డీ 75 శాతం పైనే పడుతుంది. అంత కట్టాక కూడా కెమెరా చేసేది వచ్చినవాడి మొహం చూపించడమే. తలుపు తెరుచుకోకుండా పట్టుకునేది గడియ. అందుకే ఉన్న ఐదొందల్లో మొదటి ఖర్చు తలుపుకే పెట్టాలి.

అద్దె ఇళ్లలో ఎక్కువగా ఉండేవి ఫ్లష్ డోర్లు, మందం 30 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. గడియతో పాటు పొట్లంలో ఇచ్చే స్క్రూలు ముప్పావు అంగుళానివి. తలుపు వైపు వాటి బదులు అంగుళానివి వేసుకోవచ్చు, అంతకు మించితే మొన అవతలికి పొడుచుకొస్తుంది. అసలు బలహీనత చౌకట్టు వైపు ఉంటుంది. గడియ దూరే పట్టీని అవే పొట్టి స్క్రూలతో బిగించి వదిలేస్తారు, గట్టిగా తన్నితే ముందు ఊడొచ్చేది అదే. చెక్క చౌకట్టయితే రెండంగుళాల స్క్రూలు వెయ్యాలి. 8వ నంబరు స్క్రూకి ముందుగా 3 మిల్లీమీటర్ల బిట్‌తో రంధ్రం చెయ్యకపోతే పాత చెక్క నిలువునా చీలుతుంది. స్క్రూ మరకు కాస్త సబ్బు రాస్తే సులువుగా దిగుతుంది. పాత రంధ్రం వదులైపోయిందా? ఫెవికాల్‌లో ముంచిన అగ్గిపుల్లలు నాలుగైదు దూర్చి, పైకి మిగిలింది తుంచేసి, రాత్రంతా ఆరనిచ్చి మర్నాడు బిగించండి. అప్పటికప్పుడు బిగిస్తే పుల్లలతో సహా తిరుగుతుంది.

సిమెంటు చౌకట్టుకు దారి వేరు. 6 మిల్లీమీటర్ల రంధ్రం, అందులో గిట్టీ (స్క్రూ పట్టుకోవడానికి గోడల్లో కొట్టే ప్లాస్టిక్ ప్లగ్గు), దానిలో స్క్రూ. గిట్టీ వదులవడానికి కారణాలు దాదాపు ఎప్పుడూ రెండే: డ్రిల్ ఊగి రంధ్రం వెడల్పవడం, లోపలి దుమ్ము ఊదకుండా గిట్టీ కొట్టడం.

గడియ తలుపు మధ్యలో ఒక్కటే ఉంటే పైమూల, కిందమూల వంగుతాయి. పైన ఒకటి, కింద ఒకటి మామూలు ఇనప టవర్ బోల్టులు పెడితే ఆ సందు పోతుంది. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో గానీ బస్తీ మూల కొట్టులో గానీ రెండూ కలిపి రెండు మూడొందల్లో దొరుకుతాయి. బయట తాళం వేసే అల్‌డ్రాప్ సంగతి కూడా చూడాలి. దాని స్క్రూలు బయటికి కనబడుతుంటే తాళం ఎంత ఖరీదైనదైనా స్క్రూడ్రైవర్ ఉన్నవాడికి అడ్డం కాదు. వాటిని తీసి, తల గుండ్రంగా ఉండే బోల్టులు బయట నుంచి దూర్చి, లోపల వాషర్ వేసి నట్టు బిగించాలి.

డాబా మీది పెంట్‌హౌస్ గదుల్లో తలుపు బయటికి తెరుచుకుంటుంది, కబ్జాల (తలుపును చౌకట్టుకు పట్టి ఉంచే మడతబందుల) పిన్నులూ బయటే ఉంటాయి. వాటిని కొట్టి లాగేస్తే గడియతో పనే లేదు. దానికీ ఖర్చు లేని ఉపాయముంది. కబ్జా రెండు రెక్కల్లో ఎదురెదురుగా ఉన్న ఒక్కో స్క్రూ తీసి, చౌకట్టు వైపు పొడుగు స్క్రూ వేసి, తల కోసేసి సెంటీమీటరు బయటికి ఉంచాలి. తలుపు మూసినప్పుడు అది ఎదుటి రంధ్రంలోకి దిగుతుంది, పిన్ను పీకినా రెక్క జారదు.

కొత్త ఇంట్లో దిగిన రోజే తాళం మార్చండి, పాత అద్దెవాళ్ల దగ్గర మారు చెవి ఉండే ఉంటుంది. హ్యాండిల్ తాళమైతే మొత్తం మార్చక్కర్లేదు, లోపలి సిలిండర్ చాలు. తలుపు అంచున ఉన్న పొడుగు స్క్రూ విప్పి, చెవి కాస్త తిప్పితే బయటికొస్తుంది. దాన్నే కొట్టుకు పట్టుకెళ్లి అదే పొడవుది తెచ్చుకోవాలి. ఓనర్‌కు ముందే చెప్పి చేస్తే ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు దగ్గర పేచీ ఉండదు.

పెప్పర్ స్ప్రేకు లైసెన్సు అక్కర్లేదు. కానీ బ్యాగు అడుగున ఉంటే పనికిరాదు, గాలికి ఎదురుగా కొడితే మన కళ్లలోనే పడుతుంది, డబ్బా మీది గడువు దాటితే ఒత్తిడి తగ్గి దగ్గరలోనే కారిపోతుంది. భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు ఇస్తాయి, అవసరానికి మించి హాని చెయ్యకూడదన్న హద్దుతో. పారిపోతున్నవాడిని వెంటాడి కొట్టడం ఆ హద్దులో ఇమడదు. రాత్రిపూట ఒంటరిగా ఆటో ఎక్కే ఆడవాళ్లు 100కు ఫోన్ చేసి 8 నొక్కితే తెలంగాణ పోలీసుల టీ-సేఫ్ సేవ ఆ ప్రయాణాన్ని గమనిస్తూ ఉంటుంది. స్మార్ట్‌ఫోన్ లేకపోయినా పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు.

ఇక 20 రూపాయల మాట. రోజంతా బండి మీద తిరిగే డెలివరీ కుర్రాళ్లు, సెంట్రింగ్ పనివాళ్లు ఇది విడిచిపెట్టకూడదని నా పట్టుదల. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలే. బ్యాంకు లేదా పోస్టాఫీసు ఖాతా ఉండి, 18 నుంచి 70 ఏళ్ల వరకు ఉన్నవాళ్లు ఎవరైనా తీసుకోవచ్చు. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు, శాశ్వతంగా పాక్షిక వైకల్యం వస్తే లక్ష. జీవన్ జ్యోతి బీమాకు 436 రూపాయలు, 18 నుంచి 50 ఏళ్ల మధ్య చేరాలి, ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు. చేరిన మొదటి 30 రోజుల్లో మాత్రం ప్రమాద మరణానికే ఇస్తారు. రెండూ జూన్ 1 నుంచి మే 31 దాకా నడుస్తాయి. మధ్యలో చేరితే జీవన్ జ్యోతి ప్రీమియం తగ్గుతుంది, డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపల 228 రూపాయలే.

ఇవి చెడేది చిన్న చోట్ల. మే నెలలో బ్యాంకు తనంతట తానే డబ్బు కోసుకుంటుంది. ఆ రోజు ఖాతాలో లేకపోతే పాలసీ ఆగిపోతుంది, ఇంట్లోవాళ్లకు ఆ సంగతి తెలిసేది క్లెయిముకు వెళ్లాకే. రెండు బ్యాంకుల్లో రెండుసార్లు చేరినా వచ్చేది ఒక్క 2 లక్షలే. ప్రమాదమైతే ఎఫ్‌ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు కావాలి, రాజీ పేరుతో ఎఫ్‌ఐఆర్ వద్దనుకున్న కుటుంబాలు ఇక్కడే నష్టపోతాయి. నామినీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించి, బ్యాంకు ఇచ్చిన రసీదు నామినీకే ఇవ్వండి. మే మూడో వారానికల్లా రెండింటికీ కలిపి 456 రూపాయలు ఖాతాలో ఉంచాలి, ఎస్ఎంఎస్ ఛార్జీలు కోసినా తగ్గకుండా ఇంకో యాభై అదనంగా.