‘కులీ’ అంటే ఎవరి దాసుడు?

మహమ్మద్ కులీ కుతుబ్ షాను చాలామంది ‘కులీ కుతుబ్ షా’ అనేస్తారు. హైదరాబాద్‌లో స్టేడియం పేరు కూడా అంతే. అలా కుదిస్తే పేరు తప్పు చోట విరుగుతుంది. ఎవరి దాసుడో చెప్పకుండా ఉత్త ‘దాసుడు’ మిగులుతాడు.

‘కుల్’ తుర్కీ మాట. మంగోలియాలోని 8వ శతాబ్దపు ఓర్ఖోన్ శాసనాల్లోనే బానిస అన్న అర్థంలో ఉంది. అసలు కీలకం చివరి ‘ఈ’లో ఉంది. హైదరాబాదీ, ఇస్ఫహానీల్లో వినిపించే ‘ఈ’ కాదిది. ‘అతని’ అని చెప్పే తుర్కీ ప్రత్యయం. అలీ కులీ అంటే ‘అలీ, అతని దాసుడు’. ఇదే అర్థానికి పర్షియన్ వరసలో గులాం ముందొస్తుంది: గులాం అలీ. తుర్కీలో స్వామి ముందు, దాసుడు వెనక, అచ్చం మన రామదాసులా. అందుకే కులీని ఎప్పుడూ దాని ముందు మాటతో కలిపి చదవాలి. ‘మహమ్మద్ కులీ’ ఒక ముక్క, ‘కుతుబ్ షా’ మరో ముక్క. గోల్కొండ వంశ స్థాపకుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చిన తుర్కొమాన్, అంటే తుర్కీ మాట్లాడే తెగవాడు. ఆ పేరు మనదాకా వచ్చిన దారి అదే. 1550లో కొన్నాళ్లు గద్దె మీదున్న పసివాడు సుభాన్ కులీ. సుభాన్ అంటే ఇక్కడ దేవుడే.

ఇరాన్‌లో సఫవీ రాజవంశాన్ని గద్దెనెక్కించినవి తుర్కొమాన్ తెగలు, వాళ్లది అలీనీ ఆయన వంశపు ఇమామ్‌లనూ గౌరవించే షియా మతం. కాబట్టి కులీ ముందు ఎక్కువగా అలీ, రెజా, హుస్సేన్, ఇమామ్ కనిపిస్తాయి. అలీ సమాధి ఉన్న నజఫ్ కూడా చేరి నజఫ్ కులీ అయింది. ఇరాన్ రాజు నాదిర్ షా ఇంట్లో ఈ మాట మూడు తరాలు నడిచింది. తండ్రి ఇమామ్ కులీ, కొడుకు రెజా కులీ. నాదిర్‌కు మాత్రం అది బిరుదుగా వచ్చింది: తహ్మాస్ప్ కులీ ఖాన్, అంటే తహ్మాస్ప్ రాజు దాసుడు. 1732లో ఆ రాజునే దించేశాడు, 1736లో తానే షా అయ్యాడు. ఇక ఆ పేరుతో పనేముంది?

ఊళ్లకూ కట్టడాలకూ ఈ మాట మనుషుల మీదుగానే చేరింది. ఇస్ఫహాన్‌లో 1713 నాటి అలీ కులీ ఆగా హమాం (స్నానశాల) దాన్ని కట్టించిన దర్బారీ పేరు మోస్తోంది. ఆజర్‌బైజాన్ వైపు ఊరి పేరు చివర ‘కందీ’ ఉంటే, అందులోనూ అదే ‘ఈ’. కంద్ అంటే ఊరు, కందీ అంటే ‘అతని ఊరు’.

ఉర్దూలో రైల్వే కూలీనీ ఇవే అక్షరాలతో రాస్తారు, అందుకే రెండూ ఒకటే అనుకునేవాళ్లున్నారు. కానీ పనికి ముట్టే ‘కూలి’ మన ద్రావిడ మాట, తుర్కీ కుల్‌తో దానికి చుట్టరికం లేదు.

పాత పేర్లు వెతికేటప్పుడు ఒక్క స్పెల్లింగ్‌తో ఆగిపోతే సగం దొరకవు. హైదరాబాదీ నోట ఇది ‘ఖులీ’. టెహ్రాన్ నోట ‘గోలీ’కి దగ్గర, గోలీజాదే, గోలీపూర్ ఇంటిపేర్లు దీనివే. టర్కీలో ‘కులు’, 1511 తిరుగుబాటు నాయకుడు షాకులు అలాగే. బాకూలో ‘గులియెవ్’. తుర్క్‌మెన్ల మహాకవి మఖ్దూమ్ కులీ తన సొంత భాషలో మగ్తిమ్‌గులీ.