రెసిడెంట్ ఈవిల్ 2 రీమేక్: కడప ఎండల్లో పూర్తి చేసిన నా అనుభవం

మే నెలలో ఈ భయానక గేమ్ పట్టుకునేవాళ్లు జాంబీల (లేచి నడిచే శవాల) కంటే ముందు మిద్దె సంగతి చూసుకోవాలి. పగలంతా కాగిన స్లాబు రాత్రి పదకొండైనా వేడి దిగదు. ఆ గదిలో ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టారా, గాలి బెజ్జాలు మూసుకుపోయి గ్రాఫిక్స్ చిప్ తన వేగం తనే తగ్గించుకుంటుంది. తలకు గురి పెట్టే సమయానికి బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. నేను కడప బండ పరిచిన గూట్లో పెట్టి, వెనక వైపు రెండు సీసా మూతలు ఎత్తు పెట్టాను. ఫ్రేమ్ రేటు (సెకనుకు కనపడే బొమ్మల సంఖ్య) 60 దాటకుండా ఆపేశాను. 4 జీబీ గ్రాఫిక్స్ మెమరీ ఉన్నవాళ్లు షాడోలు (నీడలు), వాల్యూమెట్రిక్ లైటింగ్ (గాలిలో పరుచుకునే కాంతి) తగ్గిస్తే చాలు. టెక్స్చర్ల (వస్తువుల పైపొర బొమ్మల) జోలికి పోయేముందు సెట్టింగ్స్‌లో మెమరీ గీత ఎంతవరకు నిండిందో చూడండి. 2022లో వచ్చిన రే ట్రేసింగ్ (ఆర్‌టీ, వెలుగునీడల్ని నిజంలా చూపే పద్ధతి) అప్‌డేట్ పాత మెషీన్లకు బరువు. గేమ్‌ను స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొని ఉంటే, అందులో గేమ్ ప్రాపర్టీస్‌కు వెళ్లి, బీటాస్ కింద డీఎక్స్11 నాన్ ఆర్‌టీ అన్నది ఎంచుకుంటే పాత రూపం వస్తుంది.

తర్వాతిది కూలర్. ఈ గేమ్‌లో సగం సమాచారం చెవికే అందుతుంది. గోడ అవతల బూట్ల చప్పుడు, పైకప్పు మీద గీరుడు, తలుపు వెనక మూలుగు, ఇవేవీ కూలర్ మోతలో వినపడవు. చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, సౌండ్ సెట్టింగ్‌లో కూడా హెడ్‌ఫోన్స్ అనే ఎంచుకోవాలి. కరెంటు పోయే వేళల్లో డెస్క్‌టాప్ మీద హార్డ్‌కోర్ అనే కఠిన స్థాయి మొదలుపెట్టొద్దు. అందులో ఆట దానంతటదే సేవ్ కాదు, గేమ్‌లో సేవ్ చేసే చోటైన టైప్‌రైటర్ దగ్గర సేవ్ చేయాలన్నా ఇంక్ రిబ్బన్ ఖర్చవుతుంది. మొదటిసారికి మధ్యస్థ స్థాయి స్టాండర్డ్ చాలు.

1998 సెప్టెంబర్ 29 రాత్రి, అమెరికాలోని రాకూన్ సిటీ అనే కల్పిత నగరం బయట ఒక పెట్రోల్ బంకులో కథ మొదలై, పోలీస్ స్టేషన్‌కు చేరుతుంది. నేను లియోన్ అనే కొత్త పోలీసు పాత్రతో ఆడాను. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటే, కనపడ్డ ప్రతి జాంబీనీ చంపాలనుకోవడం. స్టాండర్డ్‌లోనే ఒక్కో తలకు నాలుగైదు పిస్టల్ గుండ్లు పోతాయి, అయినా కింద పడింది మళ్లీ లేస్తుంది. గుండ్లు ఖర్చు పెట్టేది వాటిని చంపడానికి కాదు, మీరు తిరిగే దారి ఖాళీగా ఉంచుకోవడానికి. మళ్లీ ఐదారుసార్లు నడవాల్సిన వరండా అయితే తలకే కొట్టండి. ఒక్కసారి దాటిపోయే గది అయితే మోకాలికి రెండు మూడు కొట్టండి, తూలి పడుతుంది, పక్కనుంచి పరుగెత్తొచ్చు. ఏది కొట్టినా ఒక క్షణం కాళ్లు కదపకుండా నిలబడండి. గురి గీతలు దగ్గరికి చేరాక పేల్చిన గుండుకు తల పగిలే అవకాశం ఎక్కువ. భయంతో వెనక్కి నడుస్తూ పేల్చితే సగం గుండ్లు గోడకే.

పడినదాన్ని నమ్మొద్దు. కాలి మీద కత్తితో ఒక గీత గీయండి, ప్రాణముంటే కదులుతుంది. స్టేషన్‌లో గాయపడి ఉన్న పోలీసు మార్విన్ ఇచ్చే కత్తి గోకేకొద్దీ అరుగుతుంది, చివరికి విరుగుతుంది. అందుకని కోయడానికి వాడటం కంటే, మీద పడి పట్టుకున్నప్పుడు పొడిచి తప్పించుకోవడానికి దాచుకోవడమే నయం. పొడిచిన కత్తి దాని ఒంట్లోనే ఉండిపోతుంది. దాన్ని పడగొట్టి వెనక్కి తీసుకోవడం మరిచిపోకండి.

చెక్క పలకలు దొరికినప్పుడు పడమటి వైపు కింది వరండా కిటికీలకు ముందు కొట్టండి. ఎక్కువసార్లు తిరిగేది అక్కడే. కొట్టకుండా వదిలేసిన కిటికీలోంచి కొత్తవి దిగుతూనే ఉంటాయి, అప్పటిదాకా పెట్టిన గుండ్లన్నీ వృథా.

సంచిలో మొదట 8 గడులే. పిస్టల్, గుండ్లు, కత్తి, ఆరోగ్యం పెంచే మూలిక ఒకటి, మిగతావి ఖాళీ. వస్తువులు దాచుకునే ఐటెం బాక్సులన్నీ ఒకటే, ఇక్కడ వేసింది అక్కడ తీసుకోవచ్చు. తాళంచెవి మీద ఎర్ర టిక్కు పడితే దాని పని అయిపోయినట్టే, పారేయొచ్చు. మ్యాపులో గది ఎర్రగా ఉంటే ఇంకా ఏదో మిగిలి ఉంది, నీలం అయితే ఖాళీ. వెస్ట్ ఆఫీసులోని సేఫ్‌కు ఎడమకు 9, కుడికి 15, ఎడమకు 7. అందులోని హిప్ పౌచ్ (నడుముకు కట్టే సంచి)తో రెండు గడులు పెరుగుతాయి. ఇది తీసుకోకుండా ముందుకు పోవడం శుద్ధ దండగ. అదే గదిలో లియోన్ బల్ల తాళాలకు ఎన్-ఈ-డీ, ఎం-ఆర్-జీ. మామూలు గన్‌పౌడర్ రెండు కలిపితే పిస్టల్ గుండ్లు, ఒకటి మామూలుది ఒకటి పసుపుది కలిపితే షాట్‌గన్ గుండ్లు. పసుపువి రెండూ కలపడానికి తొందరపడొద్దు, మాగ్నమ్ అనే బలమైన పిస్టల్ దొరికేదాకా ఆగండి.

పొడుగు నాలుకతో పాకే లిక్కర్ అనే రాక్షసికి కళ్లు లేవు, చెవులు మాత్రం పాము చెవులే. నేల మీదున్నా కప్పు మీదున్నా, పరుగెత్తకుండా, తగలకుండా, మెల్లగా నడిస్తే పక్కనుంచే పోవచ్చు. తుపాకీ తీస్తేనే గొడవ.

అసలు చెమటలు పట్టించేది మిస్టర్ ఎక్స్ అనే వెంటాడే భారీ మనిషి. కూలిన హెలికాప్టర్ మంటలు ఆర్పాక వస్తాడు, ఎంత కొట్టినా చావడు. తలకు చాలా కొడితే మోకాలి మీద కూలబడి కాసేపటికి లేస్తాడు, ఆ గుండ్లు దండగ. వాడికి తుపాకీ మోత వినపడుతుంది, కాబట్టి వాడు తిరిగే సమయంలో జాంబీని కాల్చడమంటే వాణ్ని పిలుచుకోవడమే. ముందే దారి ఖాళీ చేసుకోమన్నది ఇందుకే. బూట్ల చప్పుడు మందంగా ఉంటే వేరే అంతస్తు, ఒక్కో అడుగు విడిగా ఠంగుమంటే పక్క గదే. అప్పుడు రెండు తలుపులున్న గదిలోకి దూరి, వాడు ఒకదాంట్లోంచి వస్తుంటే రెండోదాంట్లోంచి బయటపడాలి. ఒకే తలుపున్న గదిలో ఇరుక్కుంటే వాడి పిడికిలి తినాల్సిందే. సంగీతం మెల్లగా మోగే టైప్‌రైటర్ గదుల్లోకి రాడు. స్టేషన్ ప్రధాన హాల్లో కూడా టైప్‌రైటర్ ఉంది కదా అని నమ్మితే మోసపోతారు, అక్కడికి నిక్షేపంగా వస్తాడు.

స్టేషన్ దాటాక మురుగు కాలువల్లో లోతు నీళ్లున్న చోట విషం కక్కేవి తగులుతాయి, విషాన్ని విరిచే నీలి మూలిక ఒకటి చేతిలో ఉంచుకోండి. అక్కడ దొరికే ఫ్లేమ్‌త్రోయర్ (మంటలు చిమ్మే ఆయుధం) ఇంధనాన్ని వాటి మీదే ఊదేస్తే తర్వాత వచ్చే ల్యాబ్‌లో ఇబ్బంది. తీగల మనుషులు ల్యాబ్‌లోనే ఉంటారు. ఒంటి మీది నారింజ బుడిపెలు పగలగొడితే పడతారు గానీ, కాల్చకపోతే మళ్లీ లేస్తారు. వాళ్లు పట్టుకున్నప్పుడు చేతిలో కత్తో గ్రెనేడో లేకపోతే ఆరోగ్యం నిండుగా ఉన్నా ఒక్క పట్టుకే చావు. అందుకని ల్యాబ్ తలుపు తెరిచే ముందు బాక్సులోంచి ఒక కత్తి తీసి రెండో ఆయుధం గడిలో పెట్టుకోండి.