తోట భోజనాలకి కుట్టిన నాలుగు: పరుపు, క్యారియర్ సంచి, సీసా తొడుగు, పూసల మూత

వేసవి సెలవుల్లో మా కోనసీమ వైపు పిక్నిక్ అంటే కొబ్బరి తోటో, మామిడి తోటో, లంకలో ఇసకతిన్నో, కాదంటే అంతర్వేది, ఓడలరేవు సముద్రమో. అన్నిచోట్లకీ ఒకే సామాను పనికిరావాలని ఈసారి నాలుగు వస్తువులు కుట్టాను. ఇలాంటివి కుట్టేటప్పుడు అందరి ధ్యాసా ఎండ మీదే ఉంటుంది. డెల్టాలో మాత్రం గుడ్డని పాడుచేసేది తడి. వేసవిలో కాలువలు కట్టేశాక కూడా తోటల్లో నేల చెమ్మగానే ఉంటుంది. సముద్రం దగ్గర ఉప్పుగాలి. చల్లటి సీసా బయటికి తియ్యగానే దానికి చెమట. అందుకని గుడ్డ, దారం, బొత్తం ఏది కొన్నా నేను చూసుకున్నవి రెండే: ఉతికితే తట్టుకుంటుందా, ఒక్క పూటలో ఆరుతుందా.

ముందు ఉతుకు, తర్వాతే కత్తెర. చేనేత కాటన్‌కి గంజి పెట్టి ఉంటారు. గంజి పోయాక గుడ్డ నూటికి 3 నుంచి 5 వంతులు కుదించుకుపోతుంది, కొన్ని ఇంకా ఎక్కువే. నేల మీద పరుచుకుని కూర్చునే ఈ పరుపుకి పైన గుడ్డ, కింద రెక్సిన్ ఉంటాయి. గుడ్డని ఉతక్కుండా కుట్టేస్తే, రెక్సిన్ కుదించుకోదు గనక మొదటి ఉతుకుతోనే పరుపు అంచులు ముడతలు పడి పైకి లేస్తాయి. రాత్రంతా నీళ్లలో నానేసి, పొద్దున్న పిండి, నీడన ఆరేసి, కాస్త చెమ్మగా ఉండగానే ఇస్త్రీ చెయ్యండి. ఎరుపు, ముదురు నీలం గుడ్డలైతే తడిపిన మూల మీద తెల్లగుడ్డ పెట్టి గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటుకుంటోందంటే మళ్లీ జాడించాల్సిందే. తడి నేల మీద కూర్చుంటే ఆ రంగు పంచెలకీ చీరలకీ ఎక్కుతుంది.

పరుపు

అమలాపురం పక్కన బండారులంకలో నేసే చీరల గుడ్డ బాగుంటుంది గాని పరుపుకి పలచన. దుప్పటి నేతలాంటి దళసరి కాటన్ కావాలి. 44 అంగుళాల పన్నాలో 3 మీటర్లు తీసుకున్నాను. కిందికి 54 అంగుళాల పన్నా ఉన్న పలచటి రెక్సిన్, 2.1 మీటర్లు. పరుపు కొలత 50 అంగుళాల వెడల్పు, 78 అంగుళాల పొడవు. నలుగురు పెద్దవాళ్లు మధ్యలో గిన్నెలు పెట్టుకుని కూర్చోవచ్చు. వెడల్పు 50 దాటనివ్వకపోవడానికి కారణం రెక్సిన్ పన్నానే. అంతకన్నా పెంచితే రెక్సిన్‌కి అతుకు పడుతుంది, అతుకు కుట్టు చిల్లుల్లోంచి చెమ్మ పైకి వస్తుంది.

ఉతికిన గుడ్డని రెండు ముక్కలు చేసి, ఒక్కొక్కటి 50 పొడవు, 39.5 వెడల్పు వచ్చేలా కత్తిరించాను. పొడుగు అంచులు కలిపి అర అంగుళం మార్జిన్‌తో కుడితే 50కి 78 పై గుడ్డ వస్తుంది. మార్జిన్‌ని రెండువైపులా విప్పి ఇస్త్రీ చెయ్యండి. ఒకే పక్కకి మడిస్తే మధ్యలో గట్టు లేస్తుంది, దాని మీద గ్లాసు నిలవదు.

రెక్సిన్ 54కి 82 అంగుళాల ముక్క. నేల మీద పూత ఉన్న వైపు కిందికి పరిచి, గుడ్డని సరిగ్గా మధ్యలో వేస్తే చుట్టూ 2 అంగుళాల రెక్సిన్ మిగులుతుంది. దాన్ని గుడ్డ మీదికి మడిచి కుట్టాలి. మామూలుగా చాలామంది గుడ్డనే రెక్సిన్ కిందికి మడుస్తారు. చూడ్డానికి అది నీటుగా ఉంటుంది, కాని నేలకి ఆనిన నూలు అంచు చెమ్మని పీల్చి లోపలికి లాగుతుంది. గంట గడిచేసరికి అంచున కూర్చున్నవాళ్ల బట్టలు తడుస్తాయి. రెక్సిన్ పైకి మడిస్తే ఆ బాధ లేదు, పైగా దాని అంచు పోగులు ఊడదు గనక రెండో మడత అక్కర్లేదు. కొన్ని రెక్సిన్లకి అంచున పూత లేని సన్నటి పట్టీ ఉంటుంది. అది కత్తిరించేసి అంచుని ఒకటిన్నర అంగుళానికి తగ్గించుకోండి.

రెక్సిన్ మీద గుండుసూదులు వద్దు. పడిన చిల్లు పూడదు. బట్టల క్లిప్పులు నాలుగేసి అంగుళాలకి ఒకటి చొప్పున పెట్టాను. మిషనుకి 16 నంబరు సూది, కుట్టు పొడవు 3.5 నుంచి 4 మిల్లీమీటర్లు. దగ్గర కుట్లు గట్టిగా ఉంటాయన్నది గుడ్డకి నిజం, రెక్సిన్‌కి తలకిందులు: చిల్లులు దగ్గరైతే ఆ గీత వెంట తపాలా బిళ్లలా చిరిగిపోతుంది. వెనక్కీ ముందుకీ తొక్కి ముడివేసే పని కూడా ఇక్కడ చెయ్యను. దారాలు కొసలు వదిలి చేత్తో ముడి వేస్తాను. మిషను పాదం రెక్సిన్‌కి అతుక్కుని కుట్లు చిన్నవైపోతుంటే, పాదం కింద పలచటి కాగితం పట్టీ పెట్టి కుట్టి తర్వాత చింపెయ్యండి. ఇస్త్రీపెట్టె రెక్సిన్ దరిదాపులకి రాకూడదు; మడత నిలవాలంటే గోటితో గీసి, క్లిప్పు పెట్టి కాసేపు వదిలేస్తే చాలు.

మూలల దగ్గర రెక్సిన్‌ని ఏటవాలుగా కోసి మడవాలి. కొయ్యకుండా మడిస్తే నాలుగు పొరలు పడి సూది విరుగుతుంది. గుడ్డ మూలకి పావు అంగుళం ఇవతలే కోత ఆపండి, మూల బయటికి కనపడదు. పరుపు మధ్యలో ఎక్కడా కుట్టు వెయ్యవద్దు. గళ్లు గళ్లుగా కుడితే అందంగా ఉంటుంది గాని, ప్రతి కుట్టూ నీటికి దారే. ఒక పొట్టి వైపు మధ్యలో 4 అంగుళాలు కుట్టకుండా వదిలాను. ఉతికినప్పుడు రెండు పొరల మధ్య చేరిన నీళ్లు అక్కణ్ణుంచి పోతాయి.

సముద్రం ఒడ్డుకి వెళ్లేవాళ్లు మిగిలిన రెక్సిన్‌తో 5 అంగుళాల చిన్న సంచులు నాలుగు కుట్టి, మూలల్లో అంచు కుట్టు మీదే తగిలించుకోండి. వాటిలో ఇసక నింపితే గాలికి పరుపు లేవదు. మూతకి వెల్క్రో పెడితే ఇసక పట్టి రెండు వాడకాలకే పట్టు పోతుంది, నాడా మేలు.

క్యారియర్ సంచి

నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్‌లో పులిహోర, కూర, పెరుగన్నం, పప్పు నింపితే బరువు 4 కిలోలకి తగ్గదు. దుకాణాల్లో దొరికే సంచులు తెగేది పట్టీ అతికిన చోటే, గుడ్డలో కాదు. బరువంతా పైఅంచు దగ్గర రెండు అంగుళాల కుట్టు మీద పడుతుంది. పట్టీ సంచి అడుగు చుట్టూ తిరిగి వస్తే బరువు పట్టీ మీద ఉంటుంది, గుడ్డ ఊరికే చుట్టూ నిలబడుతుంది. నా సంచి అంతా ఈ ఒక్క లెక్క మీదే నడిచింది.

నా క్యారియర్ అడ్డకొలత 6 అంగుళాలు, కొక్కేలతో సహా ఇంకాస్త. అడుగు 7 అంగుళాల చదరం అనుకున్నాను, ఎత్తు 13. అడుగుకి వేరే ముక్క లేకుండా, టెంట్లకి వాడే దళసరి కాన్వాసు 15 వెడల్పు, 36 పొడవు ఒకే ముక్క. ఆ 36 అంగుళాల్లో ముందువైపు 13, అడుగు 7, వెనకవైపు 13, పైఅంచు మడతలకి 3. మీ క్యారియర్ వేరే సైజైతే లెక్క ఇది: వెడల్పు అంటే అడుగు కొలతకి రెట్టింపు, ప్లస్ 1. పొడవు అంటే ఎత్తుకి రెట్టింపు, ప్లస్ అడుగు, ప్లస్ 3.

పని వరస మార్చకూడదు. మొదట రెండు కొసల్నీ అర అంగుళం, తర్వాత ఒక అంగుళం మడిచి కుట్టెయ్యాలి. రెండోది పట్టీ. అంగుళం వెడల్పు నూలు నవారు పట్టీ 2.75 మీటర్లు. పక్క అంచు నుంచి 5.5 దగ్గరా 9.5 దగ్గరా సుద్దతో నిలువు గీతలు గీసి, పట్టీ మధ్యభాగం ఆ గీత మీద వచ్చేలా, అడుగు మధ్య నుంచి మొదలుపెట్టి ఒక గీత వెంట పైకి, 18 అంగుళాలు చేతిపిడికి వదిలి రెండో గీత వెంట కిందికి, అడుగు మీదుగా అవతలి వైపు పైకి, మళ్లీ పిడి, మళ్లీ కిందికి అడుగు దాకా. రెండు కొసలు అడుగు మధ్యలో 3 అంగుళాలు ఒకదాని మీద ఒకటి వచ్చి కలుస్తాయి. ఆ అతుకు పిడిలోకి వస్తే చేతికి గుచ్చుకుంటుంది, లాగుడుకి విప్పుకుంటుంది కూడా. పట్టీకి రెండు అంచుల వెంటా కుట్టు, పైఅంచు దగ్గర చదరం కుట్టి లోపల గుణకారం గుర్తు.

తర్వాత సంచిని లోపలి వైపు బయటికి వచ్చేలా సగానికి మడిచి, పక్కలు అర అంగుళం మార్జిన్‌తో రెండుసార్లు కుట్టాలి. ఆఖరున మూలలు. కింది మూలని లాగి, పక్క కుట్టు సరిగ్గా అడుగు మధ్య గీత మీద పడేలా త్రికోణంగా పరిచి, కుట్టుకి అటు 3.5, ఇటు 3.5 అంగుళాలు వచ్చేచోట అడ్డంగా గీసి కుట్టండి. రెండు మూలలూ కుట్టాక తిప్పితే 7కి 7 అడుగు తయారుగా ఉంటుంది. రెండు వైపులా కొలత ఒక్కటి కాకపోతే సంచి ఒక పక్కకి వాలుతుంది. పప్పు ఒలికేది అందుకే, క్యారియర్ మూత వదులై కాదు.

కాన్వాసుకి 18 నంబరు సూది, పాలిస్టర్ దారం. నూలు దారం తడికి నాని కుళ్లుతుంది, ముఖ్యంగా అడుగు దగ్గర. నవారు, మడత కలిసే చోట మందం ఎక్కువ. అక్కడ కాలితో తొక్కకుండా చక్రాన్ని చేత్తో తిప్పుతూ పోవాలి. కుట్లు మధ్యమధ్య తప్పుతున్నాయంటే దారం బిగువు సరిచేసే ముందు సూది మార్చి చూడండి. కాన్వాసు సూది మొనని తొందరగా అరగదీస్తుంది. అడుగులో అట్ట వేస్తే చెమ్మకి మెత్తబడుతుంది. ఖాళీ నూనె డబ్బా ప్లాస్టిక్‌ని 6.75 అంగుళాల చదరంగా కోసి, మూలలు గుండ్రం చేసి వేశాను. దాన్ని కుట్టలేదు, ఉతికేటప్పుడు తీసెయ్యాలి.

సీసా తొడుగు

తడిగుడ్డ చుట్టి నీళ్లు చల్లబరిచే పద్ధతి మా వైపు అంతగా పనిచెయ్యదు. గాలిలో తేమ ఎక్కువ, గుడ్డలో తడి ఆవిరవ్వదు. కాబట్టి వేడి లోపలికి రాకుండా ఆపడమే దారి. పైన కాటన్, మధ్యలో 5 మిల్లీమీటర్ల ఫోమ్ షీటు, లోపల గొడుగు గుడ్డ. వెండిరంగు రేకు అంటించిన ఫోమ్ కొనాలా అంటే, అవసరం లేదనే నా మాట. ఎదురుగా గాలి ఖాళీ ఉంటేనే రేకు వేడిని వెనక్కి కొడుతుంది. రెండు గుడ్డల మధ్య బిగించి కుట్టేస్తే పనిచేసేది ఫోమ్ ఒక్కటే. లోపలి గొడుగు గుడ్డ మాత్రం తప్పనిసరి, సీసా చెమట కాటన్‌కి ఎక్కదు. కొలత: సీసా చుట్టుకొలతకి 2.5 అంగుళాలు కలిపి కత్తిరించండి. అందులో ఒకటి మార్జిన్, మిగతాది ఫోమ్ మందానికి. ఫోమ్‌ని మార్జిన్ లేకుండా చిన్నగా కోస్తే కుట్లు లావెక్కవు. పైన జిప్పు పెట్టాలనుకుంటే ప్లాస్టిక్‌దే. ఇనుప జిప్పూ, టిచ్ బటన్లూ ఉప్పుగాలికి తుప్పు పట్టి గుడ్డ మీద వదలని మరక వేస్తాయి. నేను కొబ్బరి చిప్ప బొత్తం, దారం కొక్కెం పెట్టాను.

పూసల మూత

మామిడి ముక్కలు, ముంజలు, మజ్జిగ జగ్గు ఎక్కడుంటే ఈగలు అక్కడ. పూసలు వేలాడే గుడ్డ మూత గిన్నె మీద వేస్తే గాలి ఆడుతుంది, ఈగ వాలదు. దీనికి నర్సాపురం లేసు పనితనం కలిస్తే అందం చెప్పక్కర్లేదు. మిషనరీల ద్వారా 19వ శతాబ్దంలో వచ్చిన ఈ అల్లిక నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఇళ్లలో ఆడవాళ్ల చేతుల్లో నిలిచింది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అల్లినవాళ్లకి కూలి దక్కేది కొద్దే గనక, తీరిక లేనివాళ్లు అంచుని వాళ్ల దగ్గరే బేరమాడకుండా కొనుక్కోండి.

అల్లుకునేవాళ్లకి: పలచటి మల్లుగుడ్డని 8.5 అంగుళాల అడ్డకొలతతో గుండ్రంగా కోసి, అంచు పక్కనే వదులు కుట్టు ఒకటి వేసి దారం మెల్లగా లాగితే వంపు దానంతటదే లోపలికి ఒదుగుతుంది. మడిచి కుట్టాక 8 అంగుళాలు వస్తుంది. అంచు చుట్టూ పావు అంగుళానికి ఒకటి చొప్పున కాజా కుట్టు వెయ్యండి, లేసు సూది పట్టేది ఆ కుట్లనే. చుట్టుకొలత 25 అంగుళాలు, పూసలు 24. వాటన్నిటినీ అల్లిక మొదలుపెట్టే ముందే దారానికి ఎక్కించుకోవాలి, మధ్యలో ఎక్కించే వీలుండదు. లేసు సూదితో (క్రోషా కొక్కెం) 5 గొలుసు కుట్లు, ఒక పూస దగ్గరికి జరిపి దాన్ని బిగిస్తూ ఒక గొలుసు, మళ్లీ 5 గొలుసులు, నాలుగు కాజా కుట్లు దాటి కలపండి. నాలుగు చోట్ల అయిదు కుట్లు దాటాల్సి వస్తుంది, తేడా కనపడదు. 8 మిల్లీమీటర్ల గాజు పూసలే వాడండి. 24 కలిసి 15 గ్రాముల పైనే తూగుతాయి. ప్లాస్టిక్ పూసల మూత సముద్రం గాలికి ఎగిరిపోతుంది.

నిలవ విషయం. పరుపు మడతపెట్టకండి, మడత దగ్గర రెక్సిన్ పూత పగులుతుంది. రెండు వైపులా ఆరాక గుడ్డ లోపలికి వచ్చేలా చుట్టి పెట్టండి. లేసుకి పెట్టిన గంజిని ఉతికి తీసేశాకే బీరువాలో పెట్టండి, లేకపోతే వానాకాలానికి పురుగు పడుతుంది. మళ్లీ వాడబోయే ముందు రోజు పలచగా గంజి పెట్టి, పూసలకి తగలకుండా గుడ్డ భాగం మాత్రమే ఇస్త్రీ చేసుకోవచ్చు.